చీటీలో ఏడో మాట

కుట్టు గది, హోటల్ కింది అంతస్తు
జనవరి 12

వదినా,

ఈ ఉత్తరం నీ కళ్ళజోళ్ళ దుకాణం అడ్రసుకి పంపుతున్నాను, ఇంటికి కాదు. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. నాన్న పోయిన రోజు నేను ఫోన్లో చెప్పిన మాటకి అన్నయ్య నాతో మాట్లాడటం మానేసి మొన్నటికి మూడేళ్ళు నిండాయి. ఇంటికి పంపితే కవరు మీద దస్తూరీ చూసి అన్నం సగంలో లేచిపోతాడు. నీకు ఫోన్ చేద్దామంటే పక్కనే ఉంటాడాయె. అసలు అన్నయ్య ఉన్న ఇంటికి ఫోనంటే నా చెయ్యే ముందుకి రాదు.

అవసరం పడి రాస్తున్నాను. నన్ను కుట్టు గదికి పెద్దని చేశారు. ఆరు నెలలు చూస్తారట. బాగుంటే ఖాయం, లేకపోతే మళ్ళీ మిషను ముందుకి. హోటల్లో పనిచేసే రెండొందల మంది చొక్కాలు, కోట్లు, ఏప్రన్లు అన్నీ మా ఎనిమిది మంది చేతుల మీదుగానే పోవాలి. పని నాకు కొత్త కాదు. కొత్తల్లా మా మేనేజరమ్మ ఇంగ్లీషు. ఆవిడ మంచి మనిషే. కానీ ఒక్కో మాటా విడిగా నాకు తెలిసిందే ఉంటుంది, కలిపి అంటే మాత్రం ఏ లోకం సంగతో తెలియదు.

పోయిన వారం వంటవాళ్ళ చొక్కాలు అరవై కుట్టాం. మొదలుపెట్టే ముందు ఆవిడ వేలు చూపించి ‘నో కటింగ్ కార్నర్స్’ అంది. కాలరు తిప్పే ముందు మూల దగ్గర మిగులు గుడ్డ కత్తిరిస్తాం కదా, లేకపోతే మొన తేలదు. అది కత్తిరించొద్దంటోంది కాబోలు, ఇక్కడి పద్ధతేమో అనుకున్నాను. అరవై చొక్కాలకి నూట ఇరవై మూలలు. ఒక్కటి కూడా ఎవర్నీ కత్తిరించనివ్వలేదు. ఒకమ్మాయి ‘అక్కా, ఇలా ఎక్కడైనా చేస్తారా’ అంటే కసురుకున్నాను కూడా. తీరా తిప్పి చూస్తే ప్రతి కొసలోనూ బఠాణీ గింజ పెట్టి కుట్టినట్టు బుడిపె! మేనేజరమ్మ ఒక కాలరు పట్టుకుని అటూ ఇటూ చూసి ‘ఎందుకిలా?’ అని అడిగింది. కుక్కిన పేనులా నిలబడ్డాను. మీరే చెప్పారు కదా అనలేక చొక్కాలన్నీ మూట కట్టుకున్నాను. రెండు రోజులు కూర్చుని అన్నీ విప్పి మళ్ళీ కుట్టాం.

ఆవిడ అనే మాటలు కొన్ని వేరే చీటీ మీద రాసి పెడుతున్నాను. వాటికి అర్థాలు కనుక్కుని రాయవూ? నువ్వు పండితురాలివని కాదు. రోజూ నలుగురూ వచ్చే దుకాణంలో ఉంటావు కదా అని.

అన్నయ్య ఎలా ఉన్నాడు?

నీ ఆడబిడ్డ


కళ్ళజోళ్ళ దుకాణం
జనవరి 25, బేరం లేని మధ్యాహ్నం

మహారాజశ్రీ ఆడబిడ్డ గారి సముఖానికి,

ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఉన్న పూర్తి మొగుడితోనే వేగలేక చస్తుంటే మధ్యలో నీ పరీక్షలొకటా నాకు! కాలర్ల సంగతి చదివి పడీ పడీ నవ్వాను. కళ్ళు చూపించుకోడానికొచ్చిన పెద్దాయన తనని చూసి నవ్వుతున్నాననుకుని అక్షరాల బోర్డు ముందునుంచి లేచి వెళ్ళిపోబోయాడు. బతిమాలి కూర్చోబెట్టాను.

ఇవిగో నీ అర్థాలు.

కట్ కార్నర్స్: చేయాల్సిన పనిలో కొంత ఎగ్గొట్టి మమ అనిపించడం. తొందర కోసమో, ఖర్చు తగ్గించడం కోసమో చేస్తారు. బట్టల కత్తెరకి వర్తించదు.

బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్: మేము చేయాల్సింది చేశాం, ఇక కదలాల్సింది నువ్వు. బంతాటలోంచి వచ్చిన మాట. న్యాయస్థానంతో సంబంధం లేదు.

సిటింగ్ ఆన్ ది ఫెన్స్: గోడ మీద పిల్లి. ఇంతకంటే చెప్పడం దండగ.

మీ అన్నయ్య బాగానే ఉన్నాడు. ప్రెస్సులో రెండు భాషల ప్రూఫులూ దిద్దీ దిద్దీ, ఇంటికొచ్చాక దగ్గుమందు సీసా మీద తప్పులు కూడా దిద్దుతున్నాడు. నీ పేరెత్తితే మాత్రం పేపరు అడ్డం పెట్టుకుంటాడు. మొన్న తలకిందులుగా పెట్టుకున్నాడు.

మీ వదిన


కుట్టు గది
ఫిబ్రవరి 10

వదినా,

నిజం చెప్పు. దస్తూరీ నీదే, మాట నీది కాదు. ‘వర్తించదు’ అని నువ్వు పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడైనా అన్నావా? పోనీ అదేదో నిఘంటువులోంచి ఎక్కించావనుకుందాం. ‘ఇంతకంటే చెప్పడం దండగ’ అనేదెవరో నాకు తెలియదా? చిన్నప్పుడు నాకు లెక్కలు చెబుతూ పుస్తకం టపీమని మూసి ఎవరు అలా అనేవాళ్ళో నాకు తెలియదా?

అన్నయ్యకి చెప్పావా? చెబితే ఏమన్నాడు? కోప్పడ్డాడా? నా మీద ఒట్టు, దాచకుండా రాయి. ఈ రెండు వారాలూ నాకు సూదిలో దారం ఎక్కలేదు.

నీ అర్థాలు మాత్రం బాగా పనికొచ్చాయి. కొత్త యూనిఫాం రంగు గురించి మేనేజరమ్మ ‘బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్’ అనగానే ఆ పూటే బూడిద రంగు అని చెప్పేశాను. ఇదివరకైతే ఆవిడే ఏదో ఒకటి చెబుతుందని వారం కూర్చునేదాన్ని. కానీ నిన్న మళ్ళీ పప్పులో కాలేశాను. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ ‘అండర్ ది వెదర్’ అంటే, బయట వాన కాబోలని గొడుగు తెచ్చిచ్చాను. ఆవిడ పుచ్చుకుని థాంక్స్ చెప్పింది పాపం. సాయంత్రం బయటికెళ్ళి చూస్తే ఎండ మండిపోతోంది.

కొత్త చీటీ పెడుతున్నాను. ఎవరికి చూపిస్తావో చూపించు.

నీ ఆడబిడ్డ


కళ్ళజోళ్ళ దుకాణం
మార్చి 2

దొంగని పట్టిన దొరసానికి,

సరే, దొరికిపోయాను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నీ మొదటి చీటీలో నాకు ఒక్కటీ తెలియలేదు. ఇంటికి తీసుకెళ్ళి ఆయన కళ్ళజోడు పెట్టె కింద పెట్టి పడుకున్నాను. మరిచిపోయి కాదు, కావాలనే. పొద్దున లేచి చూస్తే పక్క ఖాళీలో పెన్సిలుతో చీమల బారులా అర్థాలు. పైపెచ్చు నీ తెలుగులో రెండు తప్పులు కూడా దిద్దాడు. దస్తూరీ ఎవరిదో ఆయనకి తెలియలేదనుకోకు, మీరిద్దరూ ఒకే పలక మీద దిద్దినవాళ్ళు. చీటీ అక్కడే వదిలేసి స్నానానికి వెళ్ళాడు.

రెండోది పెట్టడానికి కాస్త జంకాను. పెట్టాను. పొద్దున మళ్ళీ అదే. కాకపోతే ఈసారి ముందే పెన్సిలు చెక్కి ఉంది. ఆ రెండు చీటీల మధ్య రోజుల్లో, పొద్దున్నే పెట్టె ఎత్తి కింద చూసి, ఏమీ లేకపోతే టేబులు తుడుస్తున్నట్టు నటించేవాడు. పాతికేళ్ళ కాపురంలో ఆ మహానుభావుడు టేబులు తుడవడం నేను చూడలేదు. నీ ఉత్తరాలు చూపించలేదులే, చీటీలు మాత్రమే.

ఇవి ఆయన మాటలే, ఈసారి దాచేదేముంది.

అండర్ ది వెదర్: ఒంట్లో నలతగా ఉండటం. గొడుగు అక్కర్లేదు.

ఆన్ ది సేమ్ పేజ్: ఒక విషయంలో అందరూ ఒకేలా అనుకోవడం. ప్రెస్సులో ఎన్నడూ జరగలేదు.

ఎలిఫెంట్ ఇన్ ది రూమ్: అందరికీ కనిపిస్తున్నా ఎవరూ ఎత్తని సంగతి. దీనికొక ఉదాహరణ రాసి రబ్బరుతో చెరిపేశాడు. వెలుతురుకి పట్టి చూశాను, భూతద్దం పెట్టి చూశాను, ఒక్క అక్షరం కనబడలేదు. కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసి ఏం లాభం!

గొడుగు సంగతి మాత్రం చీటీ పెట్టిన రాత్రే నేను నోటితో చెప్పాను, గోడకి చెబుతున్నట్టు. నవ్వు ఆపుకోడానికి ఆయన నీళ్ళు తాగాడు. అవి పొలమారాయి.

మీ వదిన


కుట్టు గది
ఏప్రిల్ 4

వదినా,

నీ ఉత్తరం చదివి, వెనక పీలికల బస్తాల మధ్య కూర్చుని ఏడ్చాను. పెన్సిలు చెక్కాడన్న దగ్గరే ఆగిపోయాను, తర్వాతది చాలాసేపటికి గానీ చదవలేకపోయాను. మా వాళ్ళు కొత్త బూడిద రంగు కోట్లు పాడయ్యాయేమోనని కంగారుపడి వరసగా వచ్చి చూసి వెళ్ళారు.

ఒక సంగతి చెప్పాలి. సోమవారం మీటింగులో మేనేజరమ్మ ‘లెట్స్ నాట్ రీఇన్వెంట్ ది వీల్’ అంది. పొడుగాటి బల్ల చుట్టూ పన్నెండు మందిమి. అందరూ తలూపారు. నా తల కూడా సగం ఊగింది. ఆపాను. చెయ్యెత్తి ‘మేడమ్, నాకు అర్థం కాలేదు, మామూలు మాటల్లో చెప్పండి’ అన్నాను. ఉన్న పద్ధతి బాగానే ఉంటే కొత్తది కనిపెట్టే శ్రమ దేనికని ఆవిడ చెప్పింది. అంతే. ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. బయటికొచ్చాక బట్టలు ఉతికే విభాగం చూసే ఆయన ‘బతికించావమ్మా, ఎనిమిదేళ్ళుగా నాకూ తెలియదు’ అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ ఏదైనా అలాంటి మాట అంటే, నా వైపు ఒకసారి చూసి తనే విడమర్చి చెబుతోంది.

చెయ్యెత్తడం ఇంత తేలికని తెలియడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది, వదినా. ఆ రోజంతా సంతోషపడాల్సింది పోయి మూడేళ్ళ కిందటి రోజునే తవ్వుకుంటూ కూర్చున్నాను.

ఈసారి చీటీలో ఏడు ఉన్నాయి. ఆరు ఆవిడవి. ఏడోది ఇక్కడ విన్నది కాదు. దాని అర్థం నాకు మూడేళ్ళుగా తెలుసు. అయినా రాశాను. చూసి భయపడి చింపెయ్యకు. ఎప్పటిలాగే పెట్టె కింద పెట్టు.

నీ ఆడబిడ్డ


కళ్ళజోళ్ళ దుకాణం
ఏప్రిల్ 19

అమ్మాయీ,

చీటీ వెనక్కి పంపుతున్నాను. నువ్వే చూడు.

ఆరింటికి అర్థాలు రాశాడు. ఏడోది ‘టచ్ అండ్ గో’. దాని పక్కన అర్థం లేదు. ఒక్క ప్రశ్న గుర్తు.

నేను ప్రెస్సు మనిషిని కాకపోయినా ఆ గుర్తు సంగతి నాకు తెలుసు. రాసినవాళ్ళు ఏమనుకుని రాశారో తెలియనప్పుడు, ప్రూఫు దిద్దేవాడు తన ఊహతో దిద్దకూడదట. తెలిసినట్టు దాటిపోకూడదట. పక్కన ప్రశ్న గుర్తు పెట్టి రాసినవాళ్ళకే తిప్పి పంపాలి. జవాబొచ్చేదాకా ఆ పేజీ అచ్చుకి పోదు. ఆ ఇంగ్లీషు మాట ఆయనకి తెలియకేం, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. ఆ గుర్తు మాటకి కాదు, నీకు.

నాలుగు రోజులుగా సరిగా తినడం లేదు. నిన్న అన్నం ముందు కూర్చుని, నీ ఊసు ఎత్తి మూడేళ్ళయిన మనిషి, ‘ఆ మాట ఆ హోటల్లో విన్నది కాదు కదా, మరెక్కడ విన్నదట?’ అని అడిగాడు. నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, అయినా అడగను. ఇది మీ ఇద్దరి మధ్య సంగతి. ఇన్నాళ్ళూ తపాలా బంట్రోతు పని చేశాను, సంతోషంగానే చేశాను. దీనికి మాత్రం జవాబు నాకు రాయకు. ఇంటి అడ్రసు నీకు తెలుసు.

భయపడకు. మీ అన్న అరిచినా నేనున్నాను.

మీ వదిన


నా గది, హోటల్ వెనక వీధి
ఏప్రిల్ 30

అన్నయ్యా,

ఆ మాట నేను ఆస్పత్రిలో విన్నాను. నాన్నని చేర్పించిన రోజు, పదకొండు గంటలప్పుడు.

డాక్టరమ్మ చిన్న వయసుది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వరండాలో నన్ను పక్కకి పిలిచి ఇంగ్లీషులో చాలా చెప్పింది. గుండె అన్నది తెలిసింది, మందులన్నది తెలిసింది. ఆఖర్న ‘ఇట్స్ టచ్ అండ్ గో’ అని, నా భుజం మీద చెయ్యి వేసి, అర్థమైందా అని అడిగింది. డూడూ బసవన్నలా తలూపాను.

అర్థం కాలేదని నాకు తెలుసు, అన్నయ్యా. ఆ సంగతి ఇవాళ దాచి లాభం లేదు. నా వెనక ఇంకా నలుగురు నిలబడి ఉన్నారు. ఇంత వయసొచ్చి నాకు తెలియలేదని వాళ్ళ ముందు అనలేకపోయాను. టచ్ అంటే ముట్టుకోవడం, గో అంటే వెళ్ళడం, ఊరికే చూసి పంపేస్తారు కాబోలని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఊరికే పంపేసేదానికి ఆ పిల్ల నా భుజం మీద చెయ్యి ఎందుకు వేసిందని ఆలోచించలేదు. ఆలోచించానేమో, పక్కకి నెట్టేశానేమో. ఇప్పుడు గుర్తు తెచ్చుకోడానికి కూడా భయంగా ఉంది.

అక్కడి ఫోన్ నుంచే నీకు చేసి ‘కంగారేం లేదు, చూసి పంపేస్తారట, ఆదివారం వస్తే చాలు’ అన్నాను. నువ్వు ‘సరే’ అన్నావు. సాయంత్రం ఆరున్నరకి నాన్న పోయాడు. పన్నెండు గంటల బండి ఎక్కితే నువ్వు ఐదింటికి చేరేవాడివి. గంటన్నర మిగిలేది. ఈ గంటన్నర నేను రోజూ లెక్క వేస్తాను.

ఆ వారమే ఒక నర్సుని పట్టుకుని ఆ మాటకి అర్థం అడిగాను. చావుబతుకుల మధ్య ఉన్నాడని చెప్పింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

నువ్వు అందరి ముందూ ‘నాన్నని నాకు చూపించకుండా చేశావు’ అన్నప్పుడు ఇదంతా చెప్పొచ్చు. చెప్పలేదు. నాకు నాన్న మీద శ్రద్ధ లేదని నువ్వు అనుకున్నా ఎలాగో భరించాను. తెలియక, తెలియలేదని చెప్పుకోలేక, ఉత్తి తల ఊపి అంత పని చేశానని చెప్పడానికే సిగ్గేసింది. నువ్వు క్షమిస్తావని రాయడం లేదు. అయినా అడుగుతున్నాను, క్షమించు.

నిన్న నన్ను ఖాయం చేసిన కాగితం ఇచ్చారు. ఆరు నెలలన్నవాళ్ళు నాలుగు నెలలకే ఇచ్చేశారు. చేతికి రాగానే మొదట నీకే చెప్పాలనిపించింది.

నీ చెల్లెలు


ఇంట్లో, భోజనాల బల్ల దగ్గర
మే 8

చిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పెన్సిలు పక్కన పెట్టి చదివాను.

ఆ నర్సు చెప్పిన అర్థం సరైనదే. ఏ వైపుకైనా జరగవచ్చు, గండం ఇంకా గడవలేదు అని. నేను దిద్దాల్సిందేమీ లేదు.

ఇక నేను చెప్పాల్సింది. దీన్ని మీ వదినకి కూడా ఇన్నాళ్ళూ చెప్పలేదు, నిన్ననే చెప్పాను. నువ్వు ఫోన్ చేసినప్పుడు నా ముందు నాలుగు వందల పేజీల పుస్తకం ఆఖరి ప్రూఫులున్నాయి. సాయంత్రానికి అచ్చుకి పోవాలి. నీ గొంతు వణుకుతోంది. అది నాకు స్పష్టంగా వినిపించింది. ‘డాక్టరు ఏమంది, అన్న మాట అన్నట్టు చెప్పు’ అని అడగాలి. అదే కదా నా ఉద్యోగం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పుస్తకంలో ఒక కామా మీద అనుమానం వస్తే పని ఆపి మనిషిని పంపి అడిగిస్తాను. మన నాన్న గురించి అడగలేదు. అడిగితే లేచి రావాల్సి వస్తుందేమోనని అడగలేదు. నువ్వు కంగారేం లేదనగానే నాకు హాయిగా అనిపించింది, చిన్నీ. ‘సరే’ అని పెట్టేసి కామాలు దిద్దుకున్నాను.

నువ్వు తెలియక తలూపావు. నేను తెలిసి ఊపాను. ఫోన్లో కాబట్టి ఎవరూ చూడలేదు. తప్పంతా నీ నెత్తిన వేస్తే నాకు కాస్త నిద్ర పట్టేది, అందుకని వేశాను. అందరి ముందూ నిన్ను ఆ మాట అన్నది కూడా అందుకే. నువ్వు ఎదురు చెప్పకపోతే నేను చెప్పిందే నిజమనుకున్నాను. ఎందుకలా చేశావని ఒక్కసారి అడిగి ఉంటే ఆ రోజే తేలిపోయేది. అడిగితే నా సంగతి కూడా బయటికొస్తుందని ఎక్కడో భయం. క్షమించమని అడగాల్సింది నేను. నువ్వు ముందు అడిగి నా పని కష్టం చేశావు.

నీకు ఖాయమైనందుకు చాలా సంతోషంగా ఉంది. మీ వదిన దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతోంది, వాళ్ళకి కళ్ళజోడు అక్కర్లేకపోయినా సరే.

ఒక్కటి అడుగుతాను. ఆ రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నాన్న దగ్గర ఉన్నది నువ్వొక్కదానివే. ఏం మాట్లాడాడు? ఆకలేస్తోందన్నాడా? దుప్పటి కావాలన్నాడా? నేనేడని అడిగాడా, అడిగితే ఏం చెప్పావు? నాకు నచ్చేలా చెప్పక్కర్లేదు, ఉన్నదున్నట్టు చెప్పు. నాన్న ఆఖరి రోజు నాకు చెప్పగలిగిన మనిషి ఈ లోకంలో ఒక్కరే ఉన్నారు. మూడేళ్ళు నేను ఆ మనిషితోనే మాట్లాడకుండా కూర్చున్నాను.

ఉత్తరంలో రాయకు. ఇది నీకు చేరిన మర్నాడు నేనూ వస్తాను. పక్కన కూర్చోబెట్టుకుని, మొదటినుంచి చెప్పు.

అన్నయ్య